సబ్బత్ ‘13’ మీద గొడవ అసలు దేని గురించి?

బ్రిటిష్ హెవీ మెటల్ బ్యాండ్ బ్లాక్ సబ్బత్ 2013 జూన్‌లో విడుదల చేసిన ఆల్బమ్ ‘13’ బ్రిటన్ చార్టుల్లో నేరుగా మొదటి స్థానంలోకి వెళ్లి కూర్చుంది. అక్కడ ఆ బ్యాండ్‌కు అంతకుముందు మొదటి స్థానం దక్కింది 1970లో, ‘పారనాయిడ్’ ఆల్బమ్‌తో. మధ్యలో దాదాపు 43 ఏళ్లు గడిచాయి. అమెరికాలో అయితే వాళ్లకు అప్పటిదాకా నంబర్ వన్ అన్నదే లేదు. 1971 నాటి ‘మాస్టర్ ఆఫ్ రియాలిటీ’ ఎనిమిదో స్థానం దాకా వెళ్లి ఆగిపోయింది. ‘13’ మొదటి వారంలోనే 1,55,000 కాపీలు అమ్ముడై ఆ లోటు కూడా తీర్చింది. మరుసటి ఏడాది అందులోని ‘గాడ్ ఈజ్ డెడ్?’ పాటకు గ్రామీ వచ్చింది.

అయినా ఇద్దరు సబ్బత్ అభిమానుల మధ్య ఈ ఆల్బమ్ పేరెత్తి చూడండి. ఇన్నేళ్ల ఎదురుచూపు ఫలించిందని ఒకరంటారు. పాత పాటలకు జిరాక్స్ తీశారని ఇంకొకరంటారు. ఇద్దరూ గట్టిగానే అంటారు, ఇద్దరి దగ్గరా ఆధారాలుంటాయి.

ఈ వాదనలు చాలానే విన్నాక నాకు తోచింది ఏమిటంటే, వీళ్లు ఒకే విషయం మీద గొడవ పడటం లేదు. ఒకరు పాటల కట్టుబడి గురించి మాట్లాడుతుంటే ఇంకొకరు రికార్డింగ్ నాణ్యత గురించి, మరొకరు ఆల్బమ్‌లో లేని డ్రమ్మర్ గురించి మాట్లాడుతున్నారు. నాలుగో మనిషి బాధ అసలు ‘కమ్‌బ్యాక్’ అన్న మాట మీదే. నాలుగింటినీ కలిపి మార్కులేస్తే ఏ తీర్పూ నిలవదు. అందుకే విడివిడిగా చూద్దాం.

ముందు కొంచెం నేపథ్యం. గిటారిస్ట్ టోనీ అయోమీ, గాయకుడు ఓజీ ఆస్బోర్న్, బేస్ వాయించే గీజర్ బట్లర్, డ్రమ్మర్ బిల్ వార్డ్, నలుగురూ బర్మింగ్‌హామ్ కార్మిక కుటుంబాల కుర్రాళ్లు. అయోమీ 17 ఏళ్ల వయసులో రేకుల ఫ్యాక్టరీలో పనిచేస్తూ యంత్రంలో చెయ్యి పడి కుడిచేతి రెండు వేళ్ల కొసలు పోగొట్టుకున్నాడు. ఎడమచేతి వాటం కాబట్టి తీగల మీద నొక్కేది ఆ వేళ్లతోనే. ప్లాస్టిక్ సీసా కరిగించి తొడుగులు చేసుకుని మళ్లీ వాయించాడు. వేళ్ల నొప్పి తగ్గడానికి తర్వాత తీగలను వదులు చేసి శ్రుతి కిందికి దించాడు. ఆ బరువైన మోతే హెవీ మెటల్‌కు పునాది అయింది. 1970 ఫిబ్రవరి 13న మొదటి ఆల్బమ్ వచ్చింది. ‘13’కు ముందు ఓజీతో చేసిన చివరి స్టూడియో ఆల్బమ్ 1978లో వచ్చింది. 1979లో అతన్ని బ్యాండ్ నుంచి పంపేశారు. 1997లో మళ్లీ కలిసి కచేరీలు చేశారు కానీ, 2001లో కొత్త ఆల్బమ్ కోసం మొదలెట్టిన ప్రయత్నం మధ్యలోనే ఆగిపోయింది. చివరికి 2011 నవంబర్ 11న లాస్ ఏంజెలెస్‌లో నలుగురూ ఒకే వేదిక మీద నిలబడి ఆల్బమ్ చేస్తున్నామని ప్రకటించారు. నిర్మాత రిక్ రూబిన్ అన్నారు.

గొడవకు సగం కారణం ఆ రూబిన్ పేరే.

హిప్‌హాప్‌లో డెఫ్ జామ్ సంస్థ పెట్టినవాళ్లలో ఒకడు, స్లేయర్ బ్యాండ్ ‘రెయిన్ ఇన్ బ్లడ్’కు నిర్మాత. అన్నిటికంటే ముఖ్యంగా, 1994లో జానీ క్యాష్ అనే పాత కంట్రీ గాయకుణ్ణి ఒక గిటార్‌తో కూర్చోబెట్టి పాడించి, జనం మర్చిపోయిన మనిషికి రెండో జన్మ ఇచ్చినవాడు. ఆయన పద్ధతి ఒక్కటే: పేరున్న కళాకారుణ్ణి తన మొదటి రోజుల దగ్గరికి వెనక్కి తీసుకెళ్లడం. సబ్బత్‌ను కూడా కూర్చోబెట్టి వాళ్ల మొదటి ఆల్బమే వినిపించాడు. హెవీ మెటల్ అన్న సంగతి మర్చిపోండి, అప్పటికి ఆ పేరే లేదు కదా, ఆ కుర్రాళ్లు ఎలా వాయించారో అలా వాయించండి అన్నాడు.

వినడానికి బాగానే ఉంది. చిక్కేమిటంటే, ఆ మొదటి ఆల్బమ్ ఎవరూ ప్లాన్ చేసి తయారు చేసింది కాదు. 1969 అక్టోబర్‌లో లండన్‌లోని ఒక చిన్న స్టూడియోలో, దాదాపు ఒక్కరోజులో, కచేరీ వాయించినట్టు వాయించి ఇంటికెళ్లిపోయారు. డబ్బు లేదు, టైమ్ లేదు, రెండో అవకాశం ఇచ్చేవాడు లేడు. అరవై దాటిన కోటీశ్వరులను మాలిబూలోని స్టూడియోలో నెలల తరబడి కూర్చోబెట్టి, ఒకే పాటను మళ్లీ మళ్లీ వాయించమని అడిగి, ఆ తొందరను తిరిగి పుట్టించాలన్నది రూబిన్ ఆశ.

ఫలితం ఎలా వచ్చిందో పాటల్లోనే తెలుస్తుంది. మొదటి పాట ‘ఎండ్ ఆఫ్ ద బిగినింగ్’ ఎనిమిది నిమిషాల పైచిలుకు ఉంటుంది. నెమ్మదిగా కూలబడే గిటార్ వరస, అది ఆగగానే సన్నగా వినిపించే గొంతు, సగంలో ఒక్కసారిగా పుంజుకునే వేగం. బ్యాండ్ పేరునే పేరుగా పెట్టుకున్న 1970 నాటి మొదటి పాట నడకకు ఇది చాలా దగ్గర. ‘లోనర్’ వింటే ‘ఎన్.ఐ.బి.’ గుర్తొస్తుంది. ‘జైట్‌గైస్ట్’ వింటే ‘ప్లానెట్ కారవాన్’ గుర్తురాని సబ్బత్ అభిమాని ఉండడు. అదే మెత్తని గిటార్, అదే చేతి డ్రమ్ముల చప్పుడు, మళ్లీ అంతరిక్షం గోడే. ఆల్బమ్ ఆఖర్లో వర్షం, ఉరుము, గంట మోగుతాయి. మొదటి ఆల్బమ్ మొదలైంది సరిగ్గా ఆ చప్పుళ్లతోనే.

ఆ 1970 పాట ఎందుకంత భయపెట్టిందో మన సంగీతం తెలిసినవాళ్లకు చెప్పడం తేలిక. అయోమీ వాయించింది మూడే స్వరాలు: షడ్జమం, పైస్థాయి షడ్జమం, అక్కణ్ణుంచి దిగి ప్రతిమధ్యమం. మన కల్యాణిలో అదే ప్రతిమధ్యమం ఎంతో నిండుగా వినిపిస్తుంది, ఎందుకంటే గాంధారం, పంచమం చెరోపక్కా పట్టుకుని ఉంటాయి. అయోమీ ఆ ఆసరాలన్నీ తీసేసి, ఆ స్వరాన్ని ఒంటరిగా వణికించి వదిలేశాడు. అది తిరిగి షడ్జమానికి చేరుతుందో లేదో తెలియని టెన్షన్ వినేవాడిది. 1970లో రాక్ వినేవాళ్లకు అది కొత్త. 2013 నాటికి వేలకొద్దీ బ్యాండ్లు ఆ ఎత్తుగడను వాడేశాయి. కనిపెట్టినవాడే మళ్లీ వాడినా మొదటిసారి కలిగిన దిగులు ఎలా వస్తుంది?

అందుకని జిరాక్స్ అనేవాళ్ల మాటలో నిజముంది. కానీ అవతలివాళ్ల ప్రశ్న కూడా న్యాయమైనదే. సబ్బత్ సబ్బత్‌లా వినిపించకపోతే ఇంకెలా వినిపించాలి? 1995లో వాళ్లు కొత్తదనం కోసం ‘ఫర్బిడెన్’ ఆల్బమ్‌లో ఒక ర్యాపర్‌తో పాడించారు. దాన్ని ఇప్పటికీ సమర్థించే అభిమానిని వెతికి పట్టుకోవాలి. నా ఉద్దేశంలో పోలిక తప్పు కాదు, ఒకటి రెండు చోట్ల ఉంటే ముచ్చటగానే ఉండేది. వరసగా మొదటి నాలుగు పాటల్లో మూడింటికి పాత చిరునామా ఉండటమే ఇబ్బంది. గీజర్ కూడా తర్వాతి ఇంటర్వ్యూల్లో రూబిన్ పనితీరు మీద అసంతృప్తి దాచుకోలేదు.

ఇక బిల్ వార్డ్. నాకు అన్నిటికంటే పెద్ద విషయం ఇదే అనిపిస్తుంది, అభిమానులు దీన్ని ఎక్కువగా సెంటిమెంట్‌లా మాట్లాడతారు కానీ.

2011 నవంబర్‌లో వేదిక మీదున్న నాలుగో మనిషి 2012 ఫిబ్రవరికల్లా బయటికొచ్చేశాడు. సంతకం పెట్టగలిగిన కాంట్రాక్ట్ ఇస్తేనే వస్తానని బహిరంగంగా ప్రకటన ఇచ్చాడు. వార్డ్ ఒంట్లో అంత ఓపిక లేదని ఓజీ తర్వాత అన్నాడు. ఆ మాటకు ఓజీ తనకు క్షమాపణ చెప్పాలని 2015లో వార్డ్ అడిగాడు. ఎవరిది తప్పు అన్నది మనం బయటినుంచి తేల్చగలిగింది కాదు. మనకు వినిపించేది మాత్రం డ్రమ్స్.

వార్డ్ జాజ్ వింటూ పెరిగినవాడు. జీన్ క్రూపా, బడ్డీ రిచ్ లాంటివాళ్ల ప్రభావం అతని మీద గట్టిగా ఉంది. పాత పాటల్లో అతను తాళం లెక్కపెట్టి కూర్చోడు. అయోమీ ఒక వరస వాయిస్తే దానికి జవాబు చెబుతాడు, ఒకచోట కావాలని వెనకబడతాడు, ఇంకోచోట ముందుకు తోస్తాడు. ‘ఫెయిరీస్ వేర్ బూట్స్’లో ఆ ఊగే నడక విని చూడండి. గిటార్ ఎంత బరువుగా ఉన్నా పాట కదులుతూనే ఉంటుంది. సబ్బత్‌ను అనుకరించిన వందల బ్యాండ్లు ఆ బరువును పట్టుకున్నాయి కానీ ఈ ఊపును పట్టుకోలేకపోయాయి.

వార్డ్ స్థానంలోకి రూబిన్ మొదట జింజర్ బేకర్ పేరెత్తాడట. అప్పటికి డెబ్బై దాటిన క్రీమ్ బ్యాండ్ డ్రమ్మర్. అది అయ్యుంటే ఏం జరిగేదో ఊహించడం సరదా. చివరికి రేజ్ ఎగైన్స్ట్ ద మెషీన్ బ్యాండ్ నుంచి బ్రాడ్ విల్క్ వచ్చాడు. విల్క్ మంచి డ్రమ్మర్, అందులో అనుమానం లేదు. అతని బలం గట్టిగా, తిన్నగా, లెక్క తప్పకుండా వాయించడం. ఆ బలమే ఇక్కడ లోటయింది. ముగ్గురు పాత మిత్రులు అప్పటికే కట్టుకున్న పాటల్లోకి వచ్చిన కొత్త మనిషి కూడాను, వాళ్లతో గొడవ పడేంత చనువు ఎక్కణ్ణుంచి వస్తుంది? అయోమీ వరసలు ఎక్కడికక్కడ సరిగ్గా అమరాయి, ఎవరూ దారి తప్పలేదు. పాత రికార్డుల్లో సగం అందం ఆ దారి తప్పడంలోనే ఉండేది.

‘వార్డ్ లేకపోతే అది సబ్బత్ కాదు’ అన్న మాటను విశ్వాసం చాటుకోవడంగా తీసిపారేసేవాళ్లు చాలామంది ఉన్నారు. వార్డ్ మీద అభిమానం పక్కనపెట్టి, చెవితో మాత్రమే విన్నా ఆ మాటకు బలం ఉందని నేనంటాను.

మూడో గొడవ సౌండ్ గురించి. పాటలు నచ్చినవాళ్లు కూడా ఇక్కడ తల పట్టుకుంటారు.

సీడీలో గానీ డిజిటల్ ఫైల్‌లో గానీ శబ్దానికి ఒక పైకప్పు ఉంటుంది, దాన్ని దాటి పోలేదు. అప్పుడు ఆల్బమ్ మిగతావాటికంటే గట్టిగా వినిపించాలంటే ఒకటే మార్గం: చిన్న శబ్దాలను కూడా పైకి లేపి అన్నిటినీ కప్పుకు ఆనించెయ్యడం. దీన్ని కంప్రెషన్ అంటారు. కొంత మోతాదులో ప్రతి రికార్డింగ్‌కూ అవసరమే. మోతాదు మించితే డ్రమ్ము దెబ్బకు ఉండాల్సిన పదును పోతుంది, మెల్లని భాగానికీ హోరు భాగానికీ తేడా చెరిగిపోతుంది, మరీ నొక్కితే శబ్దం చిట్లినట్టు వస్తుంది. పది నిమిషాలు వినేసరికి చెవి అలిసిపోతుంది, ఎందుకో మాత్రం చెప్పలేం.

1990లలో మొదలైన ఈ పోటీకి లౌడ్‌నెస్ వార్ అని పేరు. 2008లో మెటాలికా బ్యాండ్ ఆల్బమ్ ‘డెత్ మ్యాగ్నెటిక్’తో అది అందరికీ తెలిసింది. అవే పాటలు గిటార్ హీరో వీడియో గేమ్‌లో ఇంకా శుభ్రంగా వినిపిస్తున్నాయని అభిమానులు కనిపెట్టారు. మళ్లీ మిక్స్ చెయ్యండని వేలమంది సంతకాలు పెట్టారు. మాస్టరింగ్, అంటే విడుదలకు ముందు ఆఖరి శబ్ద సవరణ చేసిన టెడ్ జెన్‌సన్ తన దగ్గరికి వచ్చేసరికే ఆ మిక్స్ నలిగిపోయి ఉందన్నాడు. ఆ ఆల్బమ్ నిర్మాత కూడా రూబినే! అందుకే ‘13’ వస్తోందనగానే ఒక వర్గం ముందే ఉలిక్కిపడింది. వచ్చాక చూస్తే ‘డెత్ మ్యాగ్నెటిక్’ అంత దారుణం కాదు గానీ, నొక్కుడు నొక్కుడే. ఒకప్పుడు నిశ్శబ్దాన్ని కూడా వాద్యంలా వాడుకున్న బ్యాండ్‌కు ఇది పెద్ద నష్టం. ‘ఎండ్ ఆఫ్ ద బిగినింగ్’లో గిటార్ ఆగి ఓజీ గొంతు ఒక్కటే మిగిలే చోట గది ఖాళీ అయినట్టు అనిపించాలి. అనిపించదు.

ఇక్కడొక తమాషా ఉంది. మనలో చాలామంది మెటల్ విన్నది హాస్టల్ గదుల్లో, కాపీ కొట్టిన ఎంపీ3 ఫైళ్లలో, కంప్యూటర్ పక్కన పెట్టుకునే చిన్న స్పీకర్లలో. 2007లో ఐరన్ మెయిడెన్, 2011లో మెటాలికా బెంగళూరు వస్తే హైదరాబాద్ నుంచి రాత్రి బస్సెక్కి వెళ్లిన తరం అది. ఆ స్పీకర్లలో గట్టిగా నొక్కిన ఆల్బమే బాగా వినిపిస్తుంది, ఫ్యాన్ చప్పుడును దాటుకుని రావాలి కదా. మంచి హెడ్‌ఫోన్స్ కొనుక్కున్నాక అదే ఆల్బమ్ విసుగు పుట్టిస్తుంది. ఒకే మనిషి పదేళ్ల తేడాతో ‘13’ గురించి రెండు మాటలు చెప్పడానికి ఒక్కోసారి ఇంతకంటే పెద్ద కారణం ఉండదు. స్పాటిఫై లాంటి యాప్‌లు ఇప్పుడు పాటలన్నిటినీ ఒకే మట్టానికి దించి వినిపిస్తున్నాయి కాబట్టి, గట్టిగా నొక్కడం వల్ల వచ్చిన లాభం పోయింది, జరిగిన నష్టం అలాగే ఉంది.

ఇక నాలుగో వర్గం. వీళ్లకు ఓజీ మీద కోపం ఉండాలనేం లేదు. ఎవరు ఎక్కడికి తిరిగొచ్చారని వీళ్ల ప్రశ్న. 1979 తర్వాత సబ్బత్ ఆగిపోలేదు. గాయకుడు రోనీ జేమ్స్ డియో వచ్చి 1980లో ‘హెవెన్ అండ్ హెల్’తో బ్యాండ్‌కు కొత్త ప్రాణం పోశాడు. తర్వాత టోనీ మార్టిన్ గొంతుతో ‘హెడ్‌లెస్ క్రాస్’, ‘టీర్’ లాంటి ఆల్బమ్‌లు వచ్చాయి. అవి ఏళ్ల తరబడి మార్కెట్లో దొరక్క, 2024లో గానీ బాక్స్ సెట్‌గా రాలేదు. డియో, అయోమీ, గీజర్, డ్రమ్మర్ విన్నీ అపిసీ కలిసి 2009లో ‘ద డెవిల్ యూ నో’ చేశారు. బ్యాండ్ పేరు మాత్రం సబ్బత్ కాదు, హెవెన్ అండ్ హెల్. అదే ఏడాది సబ్బత్ పేరు హక్కుల కోసం ఓజీ అయోమీ మీద కోర్టుకెళ్లాడు. 2010లో రాజీ అయ్యారు. ఆ మేలోనే డియో క్యాన్సర్‌తో పోయాడు.

డియో అభిమానుల దృష్టిలో అసలైన కమ్‌బ్యాక్ 2009లోనే అయిపోయింది. ‘13’ను పక్కన పెట్టుకుని వింటే వాళ్ల మాట కాదనడం కష్టం. ‘ద డెవిల్ యూ నో’ ఎవరినీ అనుకరించకుండా తన వయసుకు తగ్గట్టు బరువుగా, కోపంగా ఉంటుంది. అయినా దాని గురించి బయట అంత సందడి లేదు, ఎందుకంటే అట్ట మీద ‘బ్లాక్ సబ్బత్’ అన్న రెండు మాటలు లేవు. ‘13’ నంబర్ వన్ కావడంలో పాటల వాటా ఎంత, పేరు వాటా ఎంత అని వీళ్లు అడిగితే జవాబు చెప్పడం ఇబ్బందే.

ఓజీ గొంతు గురించి ఎక్కువ చెప్పేదేం లేదు. 64 ఏళ్ల మనిషి, పాతికేళ్ల వయసులో ఎక్కిన ఎత్తులకు ఎక్కడు. కింది స్థాయిలోనే ఉండి చాలాచోట్ల గిటార్ వరసనే అనుసరిస్తూ పాడాడు. కొందరికి విసుగు, నాకైతే ఆ ముసలి బొంగురులో నిజాయితీ కనిపించింది. సాహిత్యం ఎక్కువగా గీజర్‌ది. ‘గాడ్ ఈజ్ డెడ్?’ పేరు చూసి నొచ్చుకున్నవాళ్లు చివర ఉన్న ప్రశ్నార్థకాన్ని చూడలేదు. పాటలోని మనిషి తొమ్మిది నిమిషాలు తన్నుకులాడి, దేవుడు లేడన్న మాటను నమ్మనని ముగిస్తాడు.

వీటన్నిటి మీదా ఇంకో నీడ ఉంది. 2012 జనవరిలో అయోమీకి లింఫోమా అని తేలింది. చికిత్సకూ రికార్డింగ్‌కూ మధ్య తిరుగుతూ చేసిన ఆల్బమ్ ఇది. ఆ సంగతి తెలిసి వింటే విమర్శించడానికి నోరు రాదు. కానీ ఆ జాలి అయోమీకి అవసరమే లేదు. ‘13’లో అందరికంటే బాగా వాయించింది అతనే. ‘ఏజ్ ఆఫ్ రీజన్’ చివరి సోలో అతని పాత పనిలో దేనికీ తీసిపోదు.

బ్యాండ్ తీర్పు ఏమిటో వాళ్ల కచేరీల్లో కొంత కనిపిస్తుంది. 2017 ఫిబ్రవరి 4న బర్మింగ్‌హామ్‌లో చివరి టూర్ ముగించిన రాత్రి ‘13’ నుంచి ఒక్క పాటా వాయించలేదు. 2025 జూలై 5న విల్లా పార్క్ స్టేడియంలో వార్డ్‌తో సహా నలుగురూ ఆఖరిసారి కలిసి నాలుగు పాటలు వాయించారు. నాలుగూ 1970వే. పదిహేడు రోజుల తర్వాత ఓజీ చనిపోయాడు. జనం పాత పాటలే అడుగుతారన్నది నిజమే కాబట్టి దీన్ని మరీ పెద్ద సాక్ష్యంగా చూపలేను. కానీ గ్రామీ వచ్చిన పాటకు కూడా అక్కడ చోటు దొరకలేదు.

కొత్తగా వినాలనుకునేవాళ్లకు నా సలహా, మొదటి పాట నుంచి వరసగా మొదలుపెట్టొద్దు. ఏడో పాట ‘డ్యామేజ్డ్ సోల్’ దగ్గర మొదలుపెట్టండి. నెమ్మదైన బ్లూస్, ఓజీ మౌత్ ఆర్గాన్, ఎవరికీ తొందర లేదు, విల్క్ కూడా మొదటిసారి బిగుతు వదిలి ఊగుతాడు. 1970ని గుర్తు చేయాలన్న తాపత్రయం కనిపించకుండానే అప్పటికి అతి దగ్గరగా వెళ్లిన పాట ఇదొక్కటే. ఆ తర్వాత ‘ఏజ్ ఆఫ్ రీజన్’, దాని వెనక ‘గాడ్ ఈజ్ డెడ్?’. ఈ మూడూ నచ్చితే మిగతా ఐదింటి మీద గొడవ పడటానికి మీకూ హక్కు వచ్చినట్టే.